షుగర్ ఉన్న పిల్లలకు రెటీనా ఫోటో: ఏళ్లుగా తీయిస్తున్న ఒక తల్లి అభిప్రాయం

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు టైప్ 1 మధుమేహం బయటపడింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పదకొండేళ్లు నిండినప్పటి నుంచి ఏటా రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే తెర, ఫోటో తీయిస్తున్నాం. ఈ పరీక్ష మాకు ఎంత మేలు చేసిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో రాస్తున్నాను.

"చూపు బాగానే ఉంది కదమ్మా, పిల్లను ఎందుకు తిప్పుతావు?" అని బంధువులు అడుగుతూనే ఉంటారు. చూపు బాగున్నప్పుడే చేయించాల్సిన పరీక్ష ఇది. షుగర్ వల్ల రెటీనాలోని రక్తనాళాలు దెబ్బతినడాన్ని రెటినోపతి అంటారు. అది మొదలైన కొత్తలో అక్షరాల బోర్డు ఆఖరి వరుస కూడా తడుముకోకుండా చదివేస్తారు. టైప్ 1 వచ్చి మూడు నుంచి ఐదేళ్లు గడిచిన పిల్లలకు పదకొండేళ్లు నిండగానే, అంతకంటే ముందే యుక్తవయసు మార్పులు వస్తే అప్పుడే, తొలి పరీక్ష చేయించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. ఆ తర్వాత మామూలుగా రెండేళ్లకోసారి చాలు. మా అమ్మాయి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష అంకె) ఎక్కువగా ఉండేది కాబట్టి డాక్టర్ ఏటా రమ్మన్నారు. టైప్ 2 ఉన్న పిల్లలకైతే జబ్బు తెలిసిన వెంటనే చూపించాలి.

పరీక్షలో నొప్పి లేదు. గడ్డం ఆనించి, లోపల కనిపించే చిన్న వెలుగును చూస్తూ ఉంటే ఒక్క మెరుపు మెరుస్తుంది, అంతే. పిల్లల కంటిపాప చీకటి గదిలో బాగా విప్పారుతుంది కనుక చాలాసార్లు కంటిపాపను విప్పార్చే చుక్కల మందు లేకుండానే ఫోటో స్పష్టంగా వస్తుంది. అయితే ఒక కంటికి మెరుపు కొట్టగానే రెండు కంటిపాపలూ ముడుచుకుంటాయి. వెంటనే రెండో కన్ను తీస్తే ఫోటో అంచుల్లో నల్లటి నీడ పడుతుంది. కాసేపు ఆగి తీయమని అడగండి. తొందరలో ఉన్న టెక్నీషియన్ మొహం చిట్లించినా సరే, అడగండి.

ఫోటోలో రెటీనా మధ్యభాగమే బాగా పడుతుంది. అంచుల దాకా చూడాలంటే చుక్కలు వేసి కంటి డాక్టర్ స్వయంగా పరీక్షించాల్సిందే. చుక్కలు కాస్త మండుతాయి, కొన్ని గంటలపాటు పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. మర్నాడు పరీక్ష ఉన్న రోజున పెట్టుకోకండి.

పదో తరగతిలో తీసిన ఫోటోలో ఎడమ కంట సూదిమొన పాటి ఎర్రటి చుక్క కనిపించింది. డాక్టర్ అంతకుముందు ఏడాది ఫోటో పక్కన పెట్టి చూపించారు. అదే రక్తనాళం, అదే మలుపు, అప్పుడు అక్కడ ఏమీ లేదు. సన్నని నాళం గోడ బలహీనపడి ఉబ్బితే వచ్చే మైక్రోఅన్యూరిజమ్ అట అది. పాత ఫోటో లేకపోతే అది ఎప్పటిదో మాకు తెలిసేదే కాదు. లేజరు, ఇంజెక్షన్లు అవసరం లేదన్నారు. బీపీ, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసి, షుగర్‌ను మెల్లగా దించమన్నారు. హెచ్‌బీఏ1సీ ఒక్కసారిగా పడిపోతే రెటినోపతి కొంతకాలం ముదరవచ్చు, అందుకే మధ్యలో మరోసారి రమ్మన్నారు. మరుసటి ఏడాది ఫోటోలో ఆ చుక్క లేదు. రెటినోపతి లేనివారు షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టుకుంటే అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గిందని టైప్ 1 ఉన్నవారిపై జరిపి 1993లో వెలువరించిన డీసీసీటీ అనే పరిశోధన తేల్చింది. ఆ అంకెను అంతకుముందే చదివాను, కానీ మా పిల్ల ఫోటో చూశాకే దాని విలువ తెలిసింది.

ఇక లోపాలు. ఒకచోట "నార్మల్" అని ఒక్క ముక్క రాసిన కాగితం చేతిలో పెట్టి పంపించారు. ఫోటోలు ఇవ్వమంటే మామూలుగా ఇవ్వం అన్నారు. పట్టుబట్టి తీసుకున్నాను. మీరూ ప్రతిసారీ రెండు కళ్ల ఫోటోలూ అడిగి తీసుకుని, తేదీ వేసి దాచండి, డాక్టర్ మారినా పనికొస్తాయి. అంతకంటే పెద్ద లోపం, షుగర్ డాక్టర్ ఒకచోట, కెమెరా మరోచోట ఉండడం. బడి మరో రోజు మానాలి, మరో వరుసలో కూర్చోవాలి. ఆ తిరుగుడుకు భయపడే చాలామంది వాయిదా వేస్తారు. అమెరికాలో 8 నుంచి 21 ఏళ్ల వారిపై జరిపి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, షుగర్ క్లినిక్‌లోనే కృత్రిమ మేధ సాయంతో ఫోటో పరీక్ష చేస్తే అందరూ చేయించుకున్నారు. కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లమని చీటీ రాసిస్తే ఆరు నెలల్లో వెళ్లింది 22 శాతం మందే. పిల్లల షుగర్ క్లినిక్ నడిపే ప్రతి డాక్టర్‌నూ నేను అడిగేది ఒక్కటే: ఇన్సులిన్ మోతాదు చూసే గది పక్కనే ఆ కెమెరా కూడా పెట్టించండి.