ఐదేళ్లుగా నిమ్మ ఉప్పు వాడుతున్నాను: బోరు నీళ్ల పెచ్చు, వేడి, మోతాదు

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. అపార్ట్‌మెంట్‌కు వచ్చేవి బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు. కొత్తలో ఒంగోలు నుంచి వచ్చిన అత్తయ్య కెటిల్‌లోకి తొంగి చూసి, "ఏమ్మా, ఈ సున్నం నీళ్లేనా పిల్లకి తాగిస్తున్నావు?" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. ఆ వారమే కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం కొన్నాను. ఐదేళ్లయింది, పెచ్చు తీయడానికి ఇంకేదీ కొనలేదు.

కెటిల్ అడుగున కట్టే ఆ తెల్ల పెచ్చు చాలావరకు కాల్షియం కార్బనేట్. నీళ్లలో కరిగి ఉన్న బైకార్బనేట్ కాగినప్పుడు విడిపోయి అలా అడుగున పేరుకుంటుంది. విషం కాదు గానీ, వేడిని నీళ్లకు త్వరగా చేరనివ్వదు.

మొదటి ఏడాది చన్నీళ్లలో ఒక చెంచా వేసి రాత్రంతా వదిలేసేదాన్ని. తెల్లారాక చూస్తే సగం పెచ్చు అలాగే ఉండేది. మా అమ్మాయి సెకండ్ పీయూసీలో (ఇంటర్ రెండో ఏడాది) చర్యా వేగాల పాఠం చదువుతున్నప్పుడు ఇద్దరం థర్మామీటర్ పెట్టి చూశాం. ఒకే మోతాదు, ఒకేలాంటి పెచ్చు. 24 డిగ్రీల నీళ్లలో బుడగలు ఆగడానికి రెండు గంటలు దాటింది, 55 డిగ్రీల దగ్గర అరగంట కూడా పట్టలేదు. వేడి పెరిగితే ఢీకొనే అణువుల్లో చర్యకు సరిపడా శక్తి ఉన్నవి బాగా పెరుగుతాయి. 1889లో అర్హీనియస్ ఇచ్చిన సమీకరణం చెప్పేది ఇదే. 10 డిగ్రీలకు వేగం రెట్టింపవుతుందని పాఠంలో ఉంటుంది గానీ, పెచ్చు విషయంలో అంత కచ్చితంగా కుదరదు. ఆమ్లం పెచ్చు దాకా చేరాలి కదా! అందుకే మధ్యమధ్యలో కెటిల్‌ను కదపాలి.

అయితే ఇంకా వేడి చేస్తే ఇంకా మంచిదనుకుని ఒకసారి నిమ్మ ఉప్పు నీళ్లను సలసలా కాచాను. పాత పెచ్చు పోయింది, దాని చోట పిండిలాంటి కొత్త తెల్ల పొర పట్టుకుంది. అది కాల్షియం సిట్రేట్. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో అది తక్కువగా కరుగుతుంది. పీచుతో రుద్ది రుద్ది చేతులు నొప్పి పుట్టాయి. అందుకే ఇప్పుడు నీళ్లు విడిగా కాచి, కాస్త చల్లార్చి పోస్తాను. 60 డిగ్రీలు దాటనివ్వను.

మోతాదు లీటరుకు 30 గ్రాములు. లెక్క ప్రకారం ఇది 20 గ్రాముల పైచిలుకు పెచ్చును తినేస్తుంది. ఆమ్లం ఖర్చయ్యేకొద్దీ గాఢత తగ్గి చర్య నెమ్మదిస్తుంది. బుడగలు మందగించాక పెచ్చు మిగిలి ఉంటే, ఆ నీళ్లు పారబోసి కొత్తవి కలపడమే మేలు. ఒకేసారి రెండింతలు వేసి చూశాను. మొదట్లో జోరుగా పొంగింది గానీ, ఆ పిండి పొర మళ్లీ కనిపించింది.

ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా చర్యను వేగం చేసేది, దాని సంగతి బట్టల దగ్గర తెలిసింది. ఎంజైములున్న సబ్బు పొడి తక్కువ వేసినా పాల మరకలు, రక్తపు మరకలు పోతాయి. ఆమ్లం చర్యలో ఖర్చయిపోతుంది గానీ ఎంజైమ్ ఖర్చవదు, ఒక మరక ముక్కను విడగొట్టి ఇంకోదాని మీదికి వెళుతుంది. గోరువెచ్చని నీళ్లు చాలు. మరుగుతున్న నీళ్లు పోస్తే ఎంజైమ్ పాడైపోతుంది. యూనిఫాం మీద అలా పోశాక మరక ఇంకా గట్టిపడింది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. నిమ్మ ఉప్పును బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. పాలరాయి మీద పడనివ్వకండి, అది కూడా కాల్షియం కార్బనేటే. మా వాష్‌బేసిన్ గట్టు మీద ఒలికిన చోట మెరుపు పోయింది, ఇప్పటికీ మచ్చ ఉంది.

గీజర్‌కు మాత్రం నేను చేయి పెట్టను. ఏడాదికోసారి మెకానిక్ ఎలిమెంట్ విప్పి ఇస్తే, వేలెడు మందం పెచ్చును ముందు చెక్క గరిటెతో తట్టి రాలుస్తాను. మిగిలిన పలుచటి పొర గోరువెచ్చని నిమ్మ ఉప్పు నీళ్ల బకెట్లో గంటలో పోతుంది. రాల్చకుండా ముంచితే రాత్రంతా పట్టేది.