మోడల్ ఒక గదిలో, కాన్వాస్ ఇంకో గదిలో: ‘ది ఆర్ట్ స్పిరిట్’తో పదకొండేళ్లు

నా దగ్గరున్న ‘ది ఆర్ట్ స్పిరిట్’ కాపీని బల్ల మీద పెట్టి వదిలేస్తే దానంతటదే ఒకే చోట తెరుచుకుంటుంది. ఆ పేజీ అంచున లిన్సీడ్ నూనె మరక, దాని పక్కన బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగులో నా బొటనవేలి ముద్ర. అక్కడ ఈ పుస్తకం మాటల యజమాని, అమెరికన్ చిత్రకారుడు, బొమ్మల గురువు రాబర్ట్ హెన్రై తన మనసులో ఉన్న ఒక బొమ్మల స్కూలు గురించి చెబుతారు. మోడల్ ఒక గదిలో ఉంటారు, బొమ్మ వేసే పని ఇంకో గదిలో. ఎన్నిసార్లయినా వెళ్లి చూడొచ్చు, చుట్టూ తిరిగి చూడొచ్చు, కావాలంటే అక్కడే స్కెచ్‌లు గీసుకోవచ్చు. ఆ స్కెచ్‌లు మాత్రం పని గదిలోకి తేకూడదు. కంట్లో ఎంత పట్టుకు రాగలిగితే అంతే. ఈ ఒక్క పేరా కోసం ఆ పుస్తకం మీద నాకు చెప్పలేనంత ప్రేమ.

మనవాళ్లు హెన్రీ అంటారు గానీ, ఆయన తన పేరు హెన్రై అనే పలకాలని పట్టుబట్టేవారు. అసలు పేరు రాబర్ట్ హెన్రీ కోజాడ్. నెబ్రాస్కాలో తండ్రి ఒక మనిషిని తుపాకీతో కాల్చడంతో 1882లో ఇంటిల్లిపాదీ ఊరు వదిలి పేర్లు మార్చుకున్నారు. పేరున్న అమెరికన్ చిత్రకారులు ఎడ్వర్డ్ హాపర్, జార్జ్ బెలోస్ ఆయన శిష్యులని బొమ్మలు వేసేవాళ్లకు తెలిసిందే కాబట్టి ఆ జాబితా వదిలేస్తున్నాను. 1923లో వచ్చిన ఈ పుస్తకం ఆయన పనిగట్టుకుని కూర్చుని రాసింది కాదు. క్లాసులో చెప్పిన మాటలు, ఉత్తరాలు, వ్యాసాలు శిష్యురాలు మార్జరీ రైయర్సన్ ఒకచోట చేర్చారు. అందుకే వరస ఉండదు, ఒకే మాట పదిచోట్ల ఎదురవుతుంది. ముక్కు ఎక్కడ మొదలుపెట్టాలి, కన్ను ఎంత వెడల్పు అని కొలతలు వెతికేవాళ్లకు ఇది సరిపోదు.

నా పని ఫొటో చూసి ఆయిల్ పోర్ట్రెయిట్లు వేయడం. ఎక్కువ భాగం పోయినవాళ్లవే. ఆధార్ కార్డు మీది మొహం, పెళ్లి గ్రూప్ ఫొటోలో మూడో వరసలో సగం కనిపించే మొహం, అలాంటివే ఇస్తారు. సంవత్సరీకానికి అందాలి అంటారు. అలా వేసీ వేసీ ఒక దశలో నా బొమ్మలన్నీ ఒకే మనిషివిలా కనిపించడం మొదలైంది. ఈ పుస్తకం చేతికొచ్చింది అప్పుడే.

ఆ ఎండాకాలం మా మేనత్త మా ఇంట్లో ఉంది. వసారాలో కత్తిపీట ముందు కూర్చుని చింతపండు గింజ తీసేది. నేను ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు) పట్టుకెళ్లి వెనక గదిలో పెట్టాను. మధ్యలో వంటిల్లు, పధ్నాలుగు అడుగులు. వసారాలో రెండు నిమిషాలు నిలబడి చూసి వచ్చేవాణ్ణి. మొదటి రోజు నడిచి వచ్చేసరికి బొట్టు, కళ్లజోడు తప్ప ఇంకేమీ మిగల్లేదు. దవడ ఎటు తిరిగిందో గుర్తు లేదు. మళ్లీ వెళ్లాను. “ఒరే, ఎన్నిసార్లు తిరుగుతావురా, కుదురుగా ఒకచోట కూర్చోలేవూ” అని విసుక్కుంది.

మూడో రోజుకి సంగతి పట్టుబడింది. గింజ ఊడేటప్పుడు అత్తయ్య కింది పెదవిని పళ్లతో లోపలికి లాక్కుంటుంది. అదే క్షణంలో ఎడమ కనుబొమ పైకి లేస్తుంది. గింజ పళ్లెంలో పడగానే రెండూ సర్దుకుంటాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహం, అంతకుముందు ఒక్కసారి కూడా గమనించలేదు. ఏ ఫొటోలోనూ అది లేదు, కెమెరా చూడగానే ఆమె పెదవులు బిగించేస్తుంది. మొహంలో ప్రాణమున్న సంగతులు క్షణం మించి నిలవవు, పని ఆ క్షణం జ్ఞాపకంతోనే జరగాలి అని హెన్రై అనేది దీని గురించే. పెద్ద ఫ్లాట్ బ్రష్‌తో ఒక్క పూటలో వేసేశాను. చీర అంచు పూర్తికాలేదు, చెవి సరిగా లేదు. అత్తయ్య వచ్చి చాలాసేపు చూసి, “ఇది నేను కాదురా, మా అమ్మ” అంది. ఆ నాయనమ్మను నేను చూడనే లేదు, నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ బొమ్మ ఇప్పుడు అత్తయ్య వాళ్లింట్లో ఉంది, అమ్మ బొమ్మ అనే చెప్పుకుంటుంది.

ఆ ఊపులో రెండు మూడేళ్లు కనిపించిన ప్రతి కుర్రాడికీ ఈ పుస్తకం కొనమని చెప్పాను. అదే ఉత్సాహంతో ఇప్పుడు చెప్పలేను.

హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు పోయారు. వాళ్లబ్బాయి పాస్‌పోర్ట్ సైజు ఫొటో తెచ్చి బొమ్మ వేయమన్నారు. మాస్టారు నాకు బాగా తెలుసు కదా అని ఫొటో సొరుగులో పెట్టేసి పూర్తిగా జ్ఞాపకంతో వేశాను. నల్లటి ఒత్తు జుట్టు, చేతిలో సుద్దముక్క, నిటారు మెడ. మనసు పెట్టి మూడు వారాలు చేశాను. ఇంట్లోవాళ్లు చూసి ఎవరూ మాట్లాడలేదు. చివరికి వాళ్లమ్మగారు నెమ్మదిగా, “ఈయన మావారు కాదు బాబూ” అన్నారు. ఇంటికొచ్చి బొమ్మను చాలాసేపు చూశాక అర్థమైంది. గడ్డం, ముక్కు కింద నుంచి చూసినట్టున్నాయి. ఏడో తరగతి పిల్లాడు మొదటి బెంచీలో కూర్చుని తలెత్తి చూసిన మాస్టారు ఆయన. ఆవిడ ముప్పై ఏళ్లు పక్కనే ఉండి చూసిన మనిషి వేరు. మళ్లీ ఫొటో చూసి ఇంకోటి వేసిచ్చాను.

తప్పు పుస్తకానిది కాదు. హెన్రై చెప్పిన జ్ఞాపకం వయసు కొన్ని నిమిషాలు. మర్చిపోతే మళ్లీ పక్క గదిలోకి వెళ్లొచ్చు. నేను దాన్ని పాతికేళ్లకు సాగదీశాను, పైగా వెళ్లడానికి గది లేదు. కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన వేసిన పోర్ట్రెయిట్లలో ఎక్కువ భాగం మనిషిని ఎదురుగా పెట్టుకుని వేగంగా వేసినవే. ఐర్లండ్‌లో అకిల్ దీవికి పదే పదే వెళ్లి అక్కడి పిల్లల్ని అలాగే వేశారు. వాళ్లెవరూ డబ్బిచ్చి వేయించుకున్నవాళ్లు కాదు, బాగా కుదరలేదని వెనక్కి పంపేవాళ్లూ కాదు. నా బతుకు అలా లేదు. 1916లో బాగా డబ్బున్న శిల్పి గెర్ట్రూడ్ వాండర్‌బిల్ట్ విట్నీని పైజామాలాంటి పట్టు దుస్తుల్లో సోఫా మీద వాలినట్టు వేస్తే, భర్త ఆ బొమ్మను ఇంట్లో పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆవిడ దాన్ని తన స్టూడియోలో పెట్టుకున్నారు. నా బొమ్మల్లో ఉన్నవాళ్లు అలా తమ బొమ్మ తరఫున నిలబడలేరు.

రంగుల గురించి చెప్పే భాగం నాకు పెద్దగా ఉపయోగపడలేదు. 1909 నుంచి ఆయన హార్డెస్టీ మరాట్టా అనే ఆయన తయారుచేసిన రంగుల మీద ఆధారపడ్డారు, ఆ ట్యూబులు నేనెక్కడా చూడలేదు. నేపథ్యం గురించి, బ్రష్ గీత గురించి చెప్పిన పేజీలు మాత్రం ఇప్పటికీ చదువుతాను. నా కాపీ అట్ట ఊడింది, రెండుసార్లు అతికించాను. అమెరికాలో 2019 నుంచి దీనికి కాపీరైట్ లేదు కాబట్టి ఇంటర్నెట్‌లో చదివి చూశాక కొనుక్కోవచ్చు.

కొనమంటానా అంటే, వారానికి మూడు రోజులు స్కూల్లో డ్రాయింగ్ చెబుతాను కాబట్టి ఒక ఆర్డర్ పోయినా నా ఇల్లు గడుస్తుంది. ఫొటో పని మీదే బతికేవాళ్లు దీన్ని నమ్ముకుని ఫొటో పక్కన పెట్టకండి. ఎదురుగా మనుషులున్నవాళ్లు, అమ్మనో నాన్ననో గీయాలనుకునేవాళ్లు మాత్రం ఆ ఒక్క పేరా అయినా చదవండి.

ఇప్పుడు ఆర్డర్ వస్తే ఫొటోతో పాటు పోయినవాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎక్కడున్నారని అడుగుతాను. వెళ్లి కాసేపు మాట్లాడి, ఏమీ గీయకుండా వచ్చేస్తాను. సగంసార్లు పనికొస్తోంది. వచ్చే ఆదివారం పొన్నూరు వెళ్తున్నాను. అక్కడ తమ్ముడుగారు నవ్వితే అచ్చం అన్నగారిలాగే ఉంటారట. నవ్వించే పని నాది అన్నారు వాళ్లావిడ.