కనిపించని ఒక అక్షరం, దొరకని కూకట్‌పల్లి: సోషల్ మీడియా ఏపీఐతో నా అనుభవం

సోషల్ మీడియా పోస్టులను మన ప్రోగ్రాం నేరుగా అడిగి తెచ్చుకునే దారి ఈ ఏపీఐ. ఇందులో పోస్టుల వెతుకులాట వేగంగా ఉంటుంది, జవాబు ప్రోగ్రాంలు సులువుగా చదివే జేసన్ రూపంలో వస్తుంది, తెలుగు చక్కగా అందుతుంది. వాడేవాళ్లందరికీ తెలిసిన సంగతులే కాబట్టి వాటి జోలికి పోను. నా కోపమంతా ఒక్క దాని మీదే: పేట పేరు తెలుగులో ఇస్తే అది ఎక్కడుందో చెప్పాల్సిన లొకేషన్ లుకప్. కొన్ని వానాకాలాలుగా దీంతో పనిచేస్తున్నాను, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

హైదరాబాద్‌లో వాన పడ్డప్పుడు ఏ రోడ్డు మీద నీళ్లు నిలిచాయో జనం రాసే పోస్టులను ఏరి మ్యాప్ మీద చూపించే చిన్న టూల్ ఒకటి నడుపుతున్నాను. కాలనీ సంఘాల వలంటీర్లు దాన్ని చూసి ఎటు వెళ్లకూడదో తమవాళ్లకు చెబుతారు. పోస్టులోంచి పేట పేరు పట్టుకుని లుకప్‌కు పంపితే అక్షాంశ రేఖాంశాలు తిరిగి రావాలి. టోలీచౌకి వచ్చేది. మియాపూర్, నిజాంపేట వచ్చేవి. కూకట్‌పల్లి మాత్రం ఒక పోస్టుకు వచ్చి, ఇంకో పోస్టుకు వచ్చేది కాదు. అమీర్‌పేట, మల్కాజ్‌గిరి, ఎల్‌బీ నగర్‌ల సంగతీ అంతే. ఒక పెద్ద వాన సాయంత్రం వలంటీర్ ఒకామె ఫోన్ చేసింది. "అన్నా, మా గల్లీల బండ్లు మునుగుతున్నయ్. మ్యాప్‌ల చూస్తే కూకట్‌పల్లి అంతా ఖాళీగుంది, ఏందిది?" పోస్టులన్నీ డేటాబేస్‌లో భద్రంగా ఉన్నాయి. చోటు ఉండాల్సిన గడులే ఖాళీ.

దొరకని పేర్లన్నీ ఒకచోట పెట్టి చూశాక పోలిక దొరికింది. అన్నిటికీ నడుమ ఒక పొల్లు ఉంది. కూకట్‌పల్లిలో ఆ టకారం కింద పకారం వత్తుగా దిగకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. వెడల్పు లేదు, కంటికి ఆనదు, అయినా ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టకపోతే కూకట్పల్లి అవుతుంది. కొందరు కూకట్ పల్లి అని విడదీసి రాస్తారు. చదివే మనిషికి మూడూ ఒకే చోటు. ఈ లుకప్‌కు మాత్రం తన జాబితాలో ఉన్న రూపమే ఊరు, మిగతావి ఊళ్లే కావు.

సంస్థ సహాయ విభాగానికి ఇదంతా వివరంగా రాస్తే వచ్చిన జవాబు: "యూటీఎఫ్-8లో పంపుతున్నారో లేదో సరిచూసుకోండి." నన్ను నిజంగా బాధపెట్టింది ఆ జవాబే. తెలుగు ఎన్‌కోడింగ్ చెడితే దాచినా దాగదు. యూటీఎఫ్-8 బైట్లను లాటిన్-1 అనే పాత పద్ధతివి అనుకుని చదివితే ప్రతి అక్షరం స్థానంలో ముందు నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఏ వస్తుంది, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వస్తుంది. ఎందుకంటే యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన బ్లాకులో మొదటి సగానికి తొలి రెండు బైట్లు ఈ0, బి0. రెండో సగానికి ఈ0, బి1. ఆ గుర్తులు తెర నిండా కనబడితే ఎక్కడో చదవడంలో తేడా వచ్చిందని అర్థం. నా లాగ్‌లలో అలాంటిది ఒక్కటీ లేదు. బైట్లన్నీ సరిగ్గానే వెళ్తున్నాయి, వాళ్లు పేర్లను పోల్చే తీరే సరిగ్గా లేదు.

నార్మలైజ్ చేస్తే, అంటే ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు రూపాలను ఒకటిగా మారిస్తే, తీరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. తీరదు. ఆ పద్ధతులైన ఎన్‌ఎఫ్‌సి గానీ ఎన్‌ఎఫ్‌కేసి గానీ 200సిని ముట్టుకోవు. అయినా ఎన్‌ఎఫ్‌సి చేయాల్సిందే, అందుకు కారణం వేరే ఉంది. తెలుగు గుణింతాల్లో ఐత్వాన్ని మాత్రమే యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: 0సి48 అని ఒకే సంఖ్యగా, లేదంటే 0సి46, 0సి56 అని రెండుగా విడదీసి. మన హైదరాబాద్ మొదటి అక్షరానికే ఆ ఐత్వం ఉంది! విడిపోయిన రూపం ఎక్కడినుంచైనా వచ్చిందంటే నగరం పేరే నగరం పేరుతో సరిపోలదు.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. పోస్టు పాఠాన్ని వచ్చింది వచ్చినట్టు దాస్తాను. పక్కనే పోల్చడానికి ఇంకో నకలు: ఎన్‌ఎఫ్‌సి చేసి, 200సి తీసేసి, ఖాళీలు కూడా తీసేసింది. పేటల పేర్ల పట్టిక నాదే, అందులోనూ పేర్లకు అదే శుద్ధి. తెర మీద చూపించే పాఠంలోంచి మాత్రం 200సి తీయకండి, హైదరాబాద్‌లో అని రాసింది హైదరాబాద్లో అయి చదివేవాళ్లకు అడ్డం పడుతుంది. పైథాన్‌లో మాటలు విడగొట్టేవాళ్లకు ఇంకో మాట: రీ మాడ్యూల్‌లో మాటలోని అక్షరాలను పట్టే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గుణింతాలను అక్షరాల్లో లెక్కేయదు, ఏత్వం దగ్గరో కొమ్ము దగ్గరో మాట తెగిపోతుంది. రెజెక్స్ అనే వేరే మాడ్యూల్ వాడితే ఈ బాధ లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అక్షరాల సెట్టింగు యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోవాలన్నది పాత సంగతే. లేకపోతే తెలుగు పడుతుంది, ఎమోజీ పడదు.

లొకేషన్‌లో మరో చిక్కు ఉంది. ఒకే జవాబులో బిందువు రెండు గడుల్లో వస్తుంది. పాత గడిలో అక్షాంశం ముందు, కొత్త గడిలో జియోజేసన్ అనే మ్యాప్ డేటా పద్ధతిలో రేఖాంశం ముందు. మన నగరం ఇంచుమించు 17.39, 78.49. తారుమారైతే నీళ్లు నిలిచిన చోటు ఆర్కిటిక్‌లో నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. కొత్త గడి ఒక్కటే చదవడం మేలు. హైదరాబాద్ అని ఊరికే అడిగితే సింధ్‌లోని హైదరాబాద్ కూడా వస్తుంది. ఆ తప్పు లుకప్‌ది కాదు, ఆ పేరుతో అక్కడా నగరం ఉంది. దేశం కోడ్ జోడిస్తే చాలు.

తెలుగు చక్కగా అందుతుందని పైన అన్నాను. పూర్తి పాఠం విషయంలో ఆ మాట మీదే ఉన్నాను. కుదించిన పాఠం ఇచ్చే గడికి అది వర్తించదు. అక్కడ కోత కోడ్‌పాయింట్ల, అంటే యూనికోడ్ సంఖ్యల, లెక్కన పడుతుంది. 'క్షే' అన్నది మనకు ఒక అక్షరం, దానికి నాలుగు కోడ్‌పాయింట్లు. మధ్యలో తెగితే పొల్లు మిగులుతుంది. కొన్నిసార్లు పేట పేరు చివరే అలా పోయింది. అందుకే ఆ గడి వాడటం మానేశాను.

ఏపీఐని మాత్రం మానలేదు. నా పని ఒక్క నగరం, దాని పేటలు. పట్టిక చేత్తో రాసుకోగలిగాను, తప్పులుంటే వలంటీర్లు చెబుతారు, దిద్దుతాను. లుకప్‌ను పట్టికలో లేని కొత్త కాలనీ పేర్ల కోసమే పిలుస్తున్నాను, అంతమటుకు పనికొస్తోంది. రాష్ట్రం మొత్తం చూడాల్సినవాళ్లకు ఊరూరి పేరు ఇలా రాసుకోవడం కుదరదు. అలాంటివాళ్లు డబ్బు కట్టే ప్లాన్ తీసుకునే ముందే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ పేర్లను 200సి ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి పంపి చూడండి. రెండిటికీ ఒకే జవాబు వస్తే తీసుకోవచ్చు.