విల్ట్‌షైర్‌కి పాత ఫోటోలు వెంటబెట్టుకుని వెళ్ళండి

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ చూసేసి సాయంత్రానికల్లా లండన్ తిరిగొచ్చేస్తారు. పాత ఫోటోలు తీసిన చోటే నిలబడి అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూడటం ఇక్కడ ఇంకా బాగుంటుంది. దానికి చేతిలో ఒక్క రోజే ఉంటే మేమైతే లేకాక్ అనే ఊరికి వెళ్ళమంటాం. లండన్ పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటంపావులో చిప్పెనమ్, అక్కణ్ణించి బస్సులో పావుగంట. ఆదివారం బస్సులు బాగా తగ్గిపోతాయి, ఆ రోజు టాక్సీ ముందే మాట్లాడుకోవాలి.

లేకాక్ అబ్బీ 1232లో సన్యాసినుల మఠంగా మొదలైంది. 1539లో మఠాన్ని మూసేశాక విలియం షారింగ్టన్ దాన్ని కొని ఇల్లుగా మార్చాడు. కానీ కింది వసారాలను కూల్చలేదు. రాతి కమానుల కప్పుతో అవి ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. అదే ఇంట్లో 1835 ఆగస్టులో ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన హెన్రీ ఫాక్స్ టాల్బట్ దక్షిణపు హాల్లోని కిటికీని చిన్న చెక్కపెట్టె కెమెరాతో తీశాడు. కెమెరాతో తీసిన నెగటివ్‌లలో (వెలుగునీడలు తారుమారుగా పడే బొమ్మల్లో) ఇప్పటికీ మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది అదే. పరిమాణం తపాలా బిళ్ళంత. తీసిన కొత్తలో భూతద్దం పెడితే దాదాపు 200 గాజు పలకలు లెక్కపెట్టగలిగేవని టాల్బట్ దాని పక్కనే రాసి ఉంచాడు.

చాలామంది తోటలో నిలబడి, బయటి నుంచి ఆ కిటికీని ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. అసలు ఫోటో లోపలి నుంచి, వెలుతురుకి ఎదురుగా తీసినది. అందుకే నెగటివ్‌లో గాజు పలకలు నల్లగా, వాటి మధ్య చట్రం తెల్లగా కనిపిస్తాయి. మీరూ హాల్లోనే కిటికీకి ఎదురుగా నిలబడండి. ఫోన్ తెర మీద గాజుని తాకి, వెలుతురు బాగా తగ్గించి తీయండి. ఆ తర్వాత రంగులు తిరగేస్తే టాల్బట్ కాగితం మీద ఏం చూశాడో మీకూ కనిపిస్తుంది.

అసలు నెగటివ్ మాత్రం ఇక్కడ లేదు, సైన్స్ మ్యూజియం గ్రూప్ దగ్గర ఉంది. ఉప్పునీటిలో తడిపి ఆరబెట్టిన కాగితానికి సిల్వర్ నైట్రేట్ పూసేవాడు టాల్బట్. బొమ్మ పడ్డాక మళ్ళీ గాఢమైన ఉప్పునీటితో దాన్ని నిలబెట్టేవాడు. ఆ పద్ధతిలో వెండి లవణం పూర్తిగా పోదు కాబట్టి వెలుతురు తగిలిన కొద్దీ బొమ్మ పాడవుతుంది. అబ్బీ గేటు దగ్గర పాత కొట్టంలో ఉన్న ఫాక్స్ టాల్బట్ మ్యూజియంలో ఇదంతా చక్కగా వివరించారు. అబ్బీ లోపలికి వెళ్ళేముందే అది చూడండి.

పాత ఫోటో తీసిన చోటు కనిపెట్టడానికి ఒక మార్గముంది. ఫోటోలో దగ్గరి వస్తువొకటి, దూరపుదొకటి ఎంచుకోండి. ఉదాహరణకి వసారా స్తంభం అంచు, వెనక గోడలోని తలుపు. రెండూ ఫోటోలో ఉన్నట్టే ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా పక్కకి జరగండి. ఆ తర్వాతే ముందుకీ వెనక్కీ. గోడలు పైకి పోతూ ఒకదాని మీదికొకటి వాలినట్టు వస్తే ఫోన్‌ని పైకి వంచి పట్టుకున్నారని అర్థం. పాత కెమెరాల్లో లెన్సునే పైకి జరిపేవారు. ఫోన్ నిటారుగా పట్టుకుని, వెనక్కి జరిగి, కింది భాగం తర్వాత కత్తిరించుకోండి. కొన్ని పాత ప్రింట్లు కుడిఎడమలు తారుమారై ఉంటాయి. గడియారమో బోర్డు మీది అక్షరాలో ఉంటే ముందు అవి చూడండి.

సాలిస్‌బరీ కెథెడ్రల్‌కి రోజర్ ఫెంటన్ 1858లో తీసిన ఫోటోలు దొరుకుతాయి. (అదే ఏడు మద్రాసు మ్యూజియంలో మన అమరావతి శిల్పాలను లిన్నేయస్ ట్రైప్ ఫోటోలు తీశాడు.) ఇప్పుడు పడమటి ముఖం నిండా కనిపించే విగ్రహాల్లో చాలావరకు ఫెంటన్ తర్వాత వచ్చినవే. వాస్తుశిల్పి గిల్బర్ట్ స్కాట్ చేయించిన మరమ్మతుల కాలంలో జేమ్స్ రెడ్‌ఫర్న్ 60కి పైగా చెక్కాడు. అంతకుముందు ఆ గూళ్ళు చాలావరకు ఖాళీ. ఆ పాత ఫోటో లేకుండా చూస్తే అన్నీ 13వ శతాబ్దానివే అనుకుంటాం.

స్టోన్‌హెంజ్‌లోనూ అంతే. నడిమి పెద్ద రాయి పక్కకి వాలి ఉంటే ఆ ఫోటో 1901కి ముందుది, ఆ ఏడే దాన్ని నిటారుగా నిలబెట్టారు. 1900 డిసెంబరు 31న గాలివానకి పడిపోయిన రాయినీ, 1797లో కూలిన మూడు రాళ్ళ జతనీ 1958లో మళ్ళీ ఎత్తారు. టికెట్ ఖరీదైనదే, టైం స్లాట్ ముందే బుక్ చేసుకోవడం మేలు. మామూలు టికెట్‌తో రాళ్ళ మధ్యకి వెళ్ళనివ్వరు, దానికి తెల్లవారుజామునో సాయంత్రమో విడిగా బుకింగ్ ఉంటుంది. పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్‌లో సభ్యత్వం ఉంటే లేకాక్‌తో పాటు ఇక్కడా ప్రవేశం ఉచితం.

బసకి లేకాక్‌లోని పాత సత్రాలు బాగుంటాయి. పగటి జనం వెళ్ళిపోయాక, కరెంటు తీగలు కూడా కనబడని ఆ వీధులు పాత ఫోటోల్లాగే ఉంటాయి. అయితే దూలాలు తలకి తగిలేంత కిందికి ఉంటాయి, మెట్లు ఎగుడుదిగుడు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే కింది గది అడగండి. రాత్రి వంట తొందరగా కట్టేస్తారు, శాకాహారులు మధ్యాహ్నమే చెప్పి ఉంచడం మేలు. కారు లేకపోతే సాలిస్‌బరీలోనో బాత్‌లోనో దిగండి. రెండిటి మధ్యా నేరుగా రైలుంది, దారిలోనే బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లో దిగి, ఒకప్పుడు బడిగా, కాపురపు ఇల్లుగా వాడిన, సుమారు వెయ్యేళ్ళ నాటి సాక్సన్ చర్చి చూడొచ్చు.

పాత ఫోటోలు ఇంటి దగ్గరే దింపుకుని, కాగితం మీద ప్రింటు తీసుకెళ్ళండి. ఎండలో ఫోన్ తెర మీద నీడలు కనబడవు.