స్పితి వెళ్తే కాజాలో ముందే డబ్బు కట్టకండి

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో పెద్ద ఊరు కాజా. అక్కడి లాడ్జికి ఫోన్ చేసి, నది కనిపించే గదేనా అని రెండుసార్లు అడిగి మరీ రెండు రాత్రులకు 5,600 ముందే పంపాను. తీరా కాజాలో దిగితే ఆ లాడ్జి ఆయన చూపించింది వెనకవైపు, జనరేటర్ పక్క గది. "సీజన్ కదా" అన్నాడు, అంతే. వేడినీళ్లు బకెట్‌కు 50, హీటర్‌కు రాత్రికి 400. ఇవేవీ ముందు చెప్పలేదు. ఆ ఎత్తుకు తలనొప్పి వచ్చి బావ ముసుగుతన్ని పడుకుంటే, పక్కనే రాత్రి పదిదాకా ఆ మోత. బుక్ చేసింది నేనే కాబట్టి అక్క మర్నాటి దాకా నాతో మాట్లాడలేదు.

అంతకుముందు కాజీపేట నుంచి ఢిల్లీ రైలు, సిమ్లా, కిన్నౌర్, టాబో, అన్నీ బాగానే జరిగాయి. ఖాబ్ దగ్గర స్పితి నది వెళ్లి సట్లెజ్‌లో కలవడం కూడా చూశాం.

రెండో రాత్రి డబ్బు వదిలేసుకుని పొద్దున్నే 2,000కు ట్యాక్సీ మాట్లాడుకుని వెనక్కి, ధన్‌ఖర్‌కు వచ్చేశాం. ఒకప్పుడు స్పితికి రాజధాని ఇదే. 3,900 మీటర్ల దగ్గర, మట్టి కొండ అంచున మఠం, కింద పిన్ నది వచ్చి స్పితిలో కలిసే చోటు. ఏటూరునాగారం దగ్గర ఎండాకాలం గోదారి ఎట్లుంటుందో అట్లనే, వెడల్పాటి రాళ్ల మేటల మధ్య పాయలు పాయలుగా నీళ్లు. కాకపోతే చుట్టూ ఒక్క చెట్టు లేదు. వాన మబ్బులను హిమాలయాలు అవతలే ఆపేస్తాయి కాబట్టి మంచు కరిగిన నీళ్లను చిన్న కాలువల్లో మళ్లించుకుని బార్లీ, బఠాణీ పండించుకుంటారు.

మేం దిగిన ఇంట్లో మనిషికి 1,000, రెండు పూటలా భోజనంతో. ఆ రాత్రి పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి వేడివేడి థుక్పా (నూడుల్స్ సూప్) పెట్టారు, తర్వాత అన్నం, పప్పు, బఠాణీ కూర. రెండు రోజులుగా ఏమీ తినని బావ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. అక్క హనుమకొండ నుంచి మోసుకొచ్చిన సకినాల డబ్బా తీసి ఇస్తే ఆ ఇంటి పెద్దమ్మ వాటిని ఉప్పు వేసిన వెన్న టీలో ముంచుకుని తిన్నది. మేమూ అట్లనే తిన్నాం, నిజంగా బాగుంది.

వెళ్లేవాళ్లు సిమ్లా వైపు నుంచే ఎక్కండి, ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. మనాలి నుంచి వస్తే 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఒక్కసారిగా మీద పడుతుంది. నగదు దగ్గర ఉంచుకోండి.

ధన్‌ఖర్‌లో ముగ్గురికి రెండు రాత్రులు, 6,000 అయింది. కాజాలో పోయిన ఆ 2,800 కోసం ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఆయన ఎత్తడం లేదు.