పాత స్పోర్ట్స్ సెడాన్ కొత్త కూపేని ఓడించిన వీడియో పంపారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం నుంచి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ సెడాన్ కోసం విశాఖలో తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా బావ కొన్న కారు సంగతి. అమ్మింది పాత కార్లు కొని అమ్మే ఒక షోరూమ్. వ్యవహారం కంప్లైంట్ దాకా వెళ్లింది కాబట్టి దాని పేరు ఇక్కడ రాయను. కారు కంపెనీ పేరూ రాయను, తయారుచేసినవాళ్లతో మాకు ఏ గొడవా లేదు. 2014 మోడల్, రెండు లీటర్ల టర్బో పెట్రోల్ (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం), ఆటోమేటిక్. ధర 14 లక్షలు.

మొదట వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. హైవే మీద ఈ సెడాన్, పక్క లేన్‌లో ఈ మధ్యే వచ్చిన ఒక కూపే, అంటే వెనక కప్పు వాలుగా ఉండే కారు. నలభై స్పీడులో రెండూ పక్కపక్కనే వెళ్తుంటాయి, హారన్ మోగగానే ఇద్దరూ తొక్కుతారు, పాత బండి సునాయాసంగా ముందుకు వెళ్లిపోతుంది. కింద "పదేళ్ల బండి, కొత్త కూపేని తినేసింది" అని రాశారు. బావకి ఇరవై ఏళ్ల వయసు నుంచి ఇలాంటి బండి మీద కన్ను. ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో మా అక్కని అడగాలి.

వీడియోలో ఉన్న కూపే, వెనక కప్పు వాలుగా ఉండే ఎస్‌యూవీ. 2024లో టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్ వచ్చాక మన ఊళ్లలో కనిపించే కూపేలు ఎక్కువగా ఇవే. బసాల్ట్ టర్బో ఇంజిన్ 110 పీఎస్ (ఇంజిన్ శక్తి కొలత, దాదాపు హార్స్‌పవర్ లాంటిదే). కర్వ్‌లో పెద్ద పెట్రోల్ ఇంజిన్ 125 పీఎస్. కుటుంబంతో తిరగడానికి చక్కటి బండ్లు, రేసుకి చేసినవి కావు. రెండు వందల పైన పీఎస్ ఉన్న సెడాన్ వాటిని దాటితే అందులో గొప్పేముంది, దాటకపోతే కదా వార్త.

ఇక నిజమైన పోటీ కార్ల లెక్క చూద్దాం, ఎందుకంటే షోరూమ్‌వాళ్లు ఇక్కడ సగం నిజం చెబుతారు. 2017లో మన దేశంలోకి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ తీసుకోండి. 230 పీఎస్, 350 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), సున్నా నుంచి వందకి 6.8 సెకన్లు అని కంపెనీ లెక్క. 2021లో వచ్చిన బీఎండబ్ల్యూ 220ఐ గ్రాన్ కూపే 190 హార్స్‌పవర్, 280 ఎన్ఎం, 7.1 సెకన్లు. అంటే నాలుగేళ్ల తర్వాత వచ్చిన, అంతకంటే చాలా ఖరీదైన కూపే కంటే ఆ సెడానే కాగితం మీద ముందుంది. ఇది అబద్ధం కాదు, సెడాన్ అభిమానులు దీన్ని పట్టుకుని మురిసిపోవడంలో తప్పూ లేదు.

అదే ఆక్టేవియా పక్కన 2015 ఆడి టీటీని పెట్టి చూడండి. అదీ రెండు లీటర్ల టర్బోనే, అదీ 230 పీఎస్సే. కానీ సున్నా నుంచి వందకి 5.3 సెకన్లు! ఇంజిన్ శక్తి సమానం, తేడా ఒకటిన్నర సెకను. ఆక్టేవియా శక్తంతా ముందు రెండు చక్రాల మీదే పడుతుంది, గట్టిగా తొక్కితే టైర్లు గిర్రున తిరిగి పట్టు వదిలేస్తాయి. టీటీ నాలుగు చక్రాలకీ పంచుతుంది, పైగా తేలిక బండి. కాబట్టి నలభై స్పీడు నుంచి మొదలుపెట్టిన రేసులో ఈ తేడా పెద్దగా కనిపించదు. ఆగి ఉన్న చోటు నుంచి కదిలేటప్పుడు గేరుబాక్స్ ఎలా అందుకుంటోంది, టైర్లు ఎంత పట్టు ఇస్తున్నాయి, ఇవన్నీ ఆ నలభై లోపే తెలిసేవి. వీడియోలో కోసేసింది సరిగ్గా ఆ భాగమే.

పెద్ద కూపేల జోలికి అసలు వెళ్లకండి. 2019లో వచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ సీ43 కూపే 390 హార్స్‌పవర్, 4.7 సెకన్లు. 2023లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం2 అయితే 460 హార్స్‌పవర్, ఆటోమేటిక్‌లో 4.1 సెకన్లు. "పాత సెడాన్ ముందు కొత్త కూపేలు దండగ" అని ఎవరైనా అంటే, ఏ కూపే అని అడగండి.

సరే, మా సంగతికి వస్తాను. టెస్ట్ డ్రైవ్ ఆనందపురం వైపు ఇచ్చారు. నేను వెనక సీట్లో ఉన్నాను. అబద్ధం ఎందుకు, బండి దూకింది. పదేళ్ల కారులా లేదు. బావ ముఖం చూశాక బేరం ఆడే ఆశ వదులుకున్నాను.

డెలివరీ రోజు శ్రీకాకుళం వస్తుంటే భోగాపురం దాటక ముందే తేడా తెలిసింది. లారీని దాటబోతే ఆ ఊపు లేదు. పాడైన బండిలా కుదుపులు, పొగ, వార్నింగ్ లైటు ఏమీ లేవు, మామూలు కారులా ఉంది అంతే. బావ "ఏసీ వేశాం కదా, నలుగురం ఉన్నాం కదా" అని సర్దుకున్నాడు. అరసవల్లిలో పూజ చేయించాం, నిమ్మకాయలు తొక్కించాం, అందరికీ స్వీట్లు పంచాం. కారు మాత్రం టెస్ట్ డ్రైవ్‌లో చూసిన కారు కాదు.

విషయం బయటపెట్టింది విశాఖలో ఈ తరహా కార్లు చేసే ఒక పాత మెకానిక్. బానెట్ ఎత్తి, టర్బో ప్రెషర్ సెన్సార్ దగ్గర కనెక్టర్ క్లిప్ విరిగి ఉండటం చూపించాడు. బ్యాటరీ పక్కన డబుల్ టేప్ జిగురు, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద చతురస్రం మచ్చ. "బాబూ, ఇక్కడేటో ఉండేది, పీకీసినారు" అన్నాడు. ఇంటికొచ్చి షోరూమ్ ప్రకటనలో ఇంజిన్ ఫోటో పెద్దది చేసి చూస్తే, అదే చోట నల్ల డబ్బా, దాన్నుంచి వైరు.

దాన్ని ట్యూనింగ్ బాక్స్ అంటారు. టర్బో ఎంత ఒత్తిడితో గాలి పంపుతోందో సెన్సార్ ఇంజిన్ కంప్యూటర్‌కి చెబుతుంది. ఈ డబ్బా మధ్యలో దూరి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. గాలి చాలడం లేదనుకుని కంప్యూటర్ టర్బోని ఇంకా తోస్తుంది. బండి దూకుతుంది. పెట్టడానికీ తీయడానికీ పెద్ద పని లేదు, నిమిషాల్లో అయిపోతుంది. తీసేశాక కారు కంపెనీ ఇచ్చిన శక్తికి తిరిగొస్తుంది. కానీ అది ఉన్నన్నాళ్లూ ఇంజిన్ మీద, గేరుబాక్స్ మీద పడిన అదనపు వేడి, అదనపు భారం మాత్రం కొన్నవాడి ఖాతాలోనే మిగిలిపోతాయి. మా బండి గేరుబాక్స్ రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇప్పటికే చిన్నగా తడబడుతోంది.

షోరూమ్‌కి ఫోన్ చేస్తే మేనేజర్ చెప్పిన మాట: "సార్, మేం అమ్మింది కారు. ఆ డబ్బా పాత ఓనర్ గారి పర్సనల్. కావాలంటే మాట్లాడి 35 వేలకి ఇప్పిస్తాం." మరి టెస్ట్ డ్రైవ్ ఏ కారుతో ఇచ్చారండీ అంటే, "బ్రోచర్‌లో ఉన్న శక్తి ఇప్పుడూ ఉంది కదా" అన్నాడు. ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

ఆ బ్రోచర్ మాట కూడా నమ్మకండి. కంపెనీ లెక్కలు కొత్త కారువి, మంచి ఆక్టేన్ పెట్రోల్ పోసి, అనుకూలమైన వాతావరణంలో తీసినవి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం టర్బో బండికి వేడి గాలే దక్కుతుంది. గాలి వేడెక్కితే, లేదా పెట్రోల్ నాసిగా ఉంటే, ఇంజిన్ దెబ్బతినకుండా కంప్యూటరే శక్తి తగ్గించేస్తుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పదేళ్ల కిందటి కార్లు దాని కోసం తయారైనవి కావు. పది శాతానికి ట్యూన్ చేసిన కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. కొత్త కూపేకి ఈ బాధ తక్కువ, 2023 ఏప్రిల్ తర్వాతవి ఈ పెట్రోల్‌ని తట్టుకునేలా తయారవుతున్నాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చేటప్పుడు ఎవరూ ఈ సంగతి ఎత్తరు.

కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి ముందు బానెట్ ఎత్తించండి. "ఇంజిన్ వేడిగా ఉంది, తర్వాత చూద్దాం" అంటే అక్కడే ఆగండి. నిజానికి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, మొదటి స్టార్ట్‌లో వచ్చే గలగలలు వేడెక్కాక వినిపించవు. సెన్సార్ల దగ్గర కంపెనీది కాని వైరు, కేబుల్ టై, కొత్త టేపు కనిపిస్తే అడగండి. ఇంజిన్ గది మొత్తం ఫోటోలు తీసుకోండి, డెలివరీ రోజు అవే ఫోటోలు చేతిలో పెట్టుకుని మళ్లీ చూడండి. డబ్బా లేకుండా కంప్యూటర్‌లోనే ప్రోగ్రాం మార్చే పద్ధతి కూడా ఉంది. అది కంటికి కనిపించదు, ఆ బ్రాండ్ స్కానర్ ఉన్నవాళ్లతోనే చూపించాలి. విశాఖలో ఆ బ్రాండ్ వర్క్‌షాప్‌లో డబ్బు కట్టి చెక్ చేయించండి. స్కానర్ పెట్టినప్పుడు గేరుబాక్స్ కంప్యూటర్‌లో ఉన్న కిలోమీటర్లు, మీటరులో ఉన్నవి ఒకటేనా అని కూడా అడగండి. చాలామంది మీటరు ఒక్కటే తిప్పి మిగతావి వదిలేస్తారు.

స్పీడు కొలవాలంటే మీటరు వీడియో పనికిరాదు. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, కాస్త ఎక్కువ చూపినా ఫర్వాలేదు అనేది నిబంధన. అంటే మీటరులో వంద వచ్చేసరికి బండి ఇంకా వందకి రాకపోవచ్చన్నమాట. ఫోన్‌లో జీపీఎస్ యాప్ పెట్టండి. నాలుగు లేన్ల హైవేలో కార్లకి పరిమితి ఎలాగూ గంటకి 100, కాబట్టి చూడాల్సింది 40 నుంచి 80కి, 60 నుంచి 100కి ఎంతసేపు పడుతోందనేది. రణస్థలం దగ్గర లారీల వరుస దాటేటప్పుడు పనికొచ్చేది ఆ లెక్కే. ఏసీ వేసి, మనుషుల్ని ఎక్కించుకుని చూడండి, ఎలాగూ అలాగే తిరుగుతాం కదా.

టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2218 అంటే 2018లో 22వ వారం. మా బండి వెనక టైర్లు 2017వి. గీతలు లోతుగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం ఎండిపోయింది. అలాంటి టైర్లతో ఏ కూపేతోనూ పోటీ వద్దు, బ్రేకు పడితే చాలు.

కాగితాల దగ్గర క్లుప్తంగా. పాత కార్ల డీలర్లకి 2023 నుంచి రవాణా శాఖ ఇచ్చే అధికార పత్రం ఉండాలి, ఫారం 29బి అని అడగండి. బయటి రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) ఉందో చూడండి, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంతో ముందే తెలుసుకుని ధరలో కలుపుకోండి. లోన్ ఉంటే ఫారం 35 (లోన్ తీరిందని, బండి మీద తమ హక్కు లేదని బ్యాంకు సంతకం చేసే పత్రం) చూడకుండా డబ్బు పంపొద్దు.

అన్నిటికంటే ముఖ్యం, రసీదు మీదో ఒప్పందం మీదో ఒక వాక్యం రాయించుకోండి: టెస్ట్ డ్రైవ్‌లో ఉన్న భాగాలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా అప్పగిస్తున్నాం, ఇంజిన్ ట్యూనింగ్ చేసి ఉంటే అదేమిటో ఇక్కడ రాస్తున్నాం అని. రాయనంటే ఆ బండి మీద ఆశ వదిలేయండి.

మేం మొదట 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. షోరూమ్ నుంచి వచ్చిన జవాబు ఫోన్‌లో చెప్పిందే. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. 50 లక్షల లోపు వ్యవహారాలు జిల్లాలోనే వేసుకోవచ్చు, కొన్నవాళ్లు నివసించే చోట వేసే వీలుంది, విశాఖ తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. షోరూమ్ ఆ ప్రకటన తీసేసింది, కానీ ఫోటోలు, వీడియో, చాట్ మా దగ్గర ఉన్నాయి. ఇలాంటి వీడియో మీకూ వచ్చి ఉంటే డిలీట్ చేయకండి, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నన్ను అడిగేవాళ్లు షోరూమ్ పేరు తప్ప మిగతావి ఏవైనా అడగండి, చెబుతాను.