మారడోనా వర్ధంతికి నేపుల్స్ వెళ్ళొచ్చాం

మారడోనా కప్పెత్తిన 1986 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ మన దగ్గర రాత్రి పదకొండున్నరకి మొదలైంది. పక్కింటి వాళ్ళ దూరదర్శన్‌లో చూశారు నాన్న. రిటైరయ్యాక కాశీ వెళ్దామా అంటే, "ముందు నేపుల్స్ చూపించు" అన్నారు. మారడోనా క్లబ్ ఆట ఆడిన ఇటలీ ఊరది. ఆయన సమాధి అర్జెంటీనాలో, బ్యూనస్ ఎయిరెస్ పక్కన ఉంది కదా అన్నాను. "సమాధి ఎక్కడుంటే ఏం? ఏడ్చేది ఎక్కడో అది చూడాలి" అన్నారు. దాంతో 2022 నవంబర్ 25, రెండో వర్ధంతికి లెక్క చూసుకుని టికెట్లు తీశాను.

రోమ్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంటంపావు. మేం దిగింది 22న. ఆ రోజే ఖతర్ ప్రపంచకప్‌లో అర్జెంటీనా సౌదీ చేతిలో 2-1తో ఓడిపోయింది. ఇటలీ అసలు ఆ కప్పుకి క్వాలిఫై కాలేదు. అయినా ఊళ్ళో మొహాలు చూస్తే ఓడింది వీళ్ళ టీమే అనిపించింది.

బస గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడే దెబ్బ తిన్నాం. మారడోనా గోడ బొమ్మ ఉన్న పేట క్వార్తియేరి స్పాన్యోలి. అక్కడే ఉంటే బాగుంటుందని ఒక అద్దె గది బుక్ చేశాను. ఫోటోల్లో అంతా బాగుంది. ఐదో అంతస్తనీ, లిఫ్ట్ లేదనీ మాత్రం ఎక్కడా లేదు. నాన్నకి మోకాళ్ళ నొప్పి. రెండు రాత్రులు ఓర్చుకుని మునిచిపియో మెట్రో దగ్గర లిఫ్టున్న చిన్న హోటల్‌కి మారాం. రేటు ఎక్కువే, కానీ పెద్దవాళ్ళతో వెళ్తే ఆ వైపే ఉండండి. టూరిస్టు పన్ను కోసం చేతిలో చిల్లర క్యాష్ ఉంచుకోండి, మమ్మల్ని రెండు చోట్లా క్యాషే అడిగారు.

తొలద్దో మెట్రోలో దిగితే పేట పక్కనే. సందులు మన సుల్తాన్ బజార్‌కి అన్నదమ్ములు, స్కూటర్లు మనల్ని ఆనుకునే పోతాయి. మారడోనా ఆడిన ఈ ఊరి క్లబ్ నాపోలి రెండో ఇటలీ లీగ్ టైటిల్ గెలిచిన 1990లో మారియో ఫిలార్ది అనే కుర్రాడు అక్కడ గోడంతా మారడోనాని గీశాడు. తర్వాత రంగు వెలిసింది, ఎవరో ముఖం ఉన్న చోటే కిటికీ కొట్టారు. 2016లో మళ్ళీ దిద్దారు. కింద చిన్న ఖాళీ జాగాలో స్కార్ఫులు, కొవ్వొత్తులు, ఫోటోలు, ఎవరెవరో రాసిపెట్టిన చీటీలు. చుట్టూ జెర్సీల దుకాణాలు. ఒక 10 నంబర్ జెర్సీ 20 యూరోలన్నాడు, 12కి ఇచ్చాడు.

పగలు వెళ్తే మాత్రం అది తిరనాళ్ళే. సెల్ఫీ కర్రల మధ్య దుఃఖం ఎక్కడా కనబడలేదు, నాన్న మొహం వాడిపోయింది.

బార్ నీలో అనే కాఫీ కొట్టు నయం. ఒక గుక్కలో అయిపోయే కాఫీ, గోడకి చిన్న మందిరం, అందులో మారడోనా వెంట్రుక ఒకటి. విమానం సీటు మీద దొరికిందని చెప్పుకుంటారు. నాన్న నవ్వి, "మనం దేవుడికి జుట్టిచ్చి వస్తాం, వీళ్ళు దేవుడి జుట్టే దాచుకున్నారు" అన్నారు. కాఫీ తాగకుండా ఫోటో తీసుకుని పోకండి, అది వాళ్ళ బతుకుతెరువు.

అక్కడికి దగ్గర్లోనే సాన్ గ్రెగోరియో ఆర్మేనో వీధి. క్రిస్మస్ బొమ్మల కొలువు సామాన్లన్నీ అక్కడే. బాల ఏసు పక్కన మారడోనా. నవంబర్‌లో కాలు పెట్టలేం, పొద్దున్నే వెళ్ళండి.

ఫువోరిగ్రోత్తా పేటలో నాపోలి స్టేడియం ఉంది. మెట్రో 2లో కాంపి ఫ్లెగ్రేయి వరకు వెళ్ళి నడవాలి. ఒకప్పుడు దాని పేరు సాన్ పాఓలో, 2020లో మారడోనా పోయిన కొద్ది రోజులకే ఆయన పేరు పెట్టారు. 1984 జూలై 5న, నాపోలిలో చేరిన ఆయన్ని చూడ్డానికే డెబ్బై వేల మందికి పైగా వచ్చిన చోటు. కప్పు వల్ల లీగ్ ఆగింది, గేట్లు మూసే ఉన్నాయి. పాత సిమెంటు, పిచ్చి మొక్కలు. లోపలికి వెళ్ళలేనప్పుడు అంత దూరం పోవడం దండగ అని నా అభిప్రాయం. నాన్న ఒప్పుకోరు, ఆయన గేటు పట్టుకుని పావుగంట నిలబడ్డారు.

నాకు నచ్చింది ఎవరూ పెద్దగా పోని సాన్ జొవాన్ని అ తెదూచ్చో. తూర్పు శివారు, పేదల అపార్ట్‌మెంట్లు. అక్కడ గోడ బొమ్మల కళాకారుడు జోరిత్ 2017లో గీసిన ముఖం అంతస్తుల ఎత్తున కనిపించింది. గెలిచిన మారడోనా కాదు, గడ్డం నెరిసిన, అలిసిపోయిన మారడోనా. కొకైన్, 1991లో పదిహేను నెలల నిషేధం, ఏవీ ఇక్కడివాళ్ళు దాచరు. కింద బట్టలు ఆరేసుకుంటున్న ఒకావిడ మమ్మల్ని చూసి తల ఊపి తన పని తాను చేసుకుంది. చీకటి పడకముందే వచ్చేయండి.

1987లో నాపోలి మొదటి టైటిల్ గెలిచాక స్మశానం గోడ మీద "మీరేం పోగొట్టుకున్నారో మీకు తెలియదు" అని రాశారట, లోపలున్నవాళ్ళ కోసం. ఈ మాట విన్నాక నాన్న రోజంతా అదే అనుకున్నారు. మన దగ్గరా అంతే, మా గల్లీ పిల్లలకి రహీం సాబ్ పేరు తెలియదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానానికి, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణానికి తీసుకెళ్ళిన హైదరాబాదీ ఫుట్‌బాల్ కోచ్ ఆయన.

భోజనం సంగతి: శాకాహారులకి మరినారా పిజ్జా దేవుడిచ్చిన వరం. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె. చీజ్ కూడా ఉండదు.

25 సాయంత్రం వాన ముసురుకుంది. మళ్ళీ గోడ దగ్గరికే పోయాం. ఈసారి సెల్ఫీలు తక్కువ. గొడుగుల కింద ఊరివాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు, ఎవరో పాట అందుకున్నారు. నాపోలి అప్పటికి ఎనిమిది పాయింట్ల ఆధిక్యంలో ఉంది, కానీ టైటిల్ అన్న మాట నోటితో ఎవరూ అనరు, దిష్టి. కింది అంతస్తు ఇంట్లోంచి ఒక ముసలామె బయటికొచ్చి నాన్నకి కుర్చీ వేసింది. భాష రాదు. నాన్న వేళ్ళతో ఎనిమిది, ఆరు చూపించారు. ఆమె తల అడ్డంగా ఊపి ఎనిమిది, ఏడు చూపించింది. ఇద్దరూ నవ్వారు, తర్వాత ఆమె కొంగులాంటి ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది.

2023 మే 4న నాపోలి ఉదినేలో 1-1 డ్రా చేసుకుని ముప్ఫై మూడేళ్ళ తర్వాత ఛాంపియన్ అయింది. మనకప్పటికి అర్ధరాత్రి ఎప్పుడో దాటింది. నాన్న నా గది తలుపు కొట్టి ఫోన్ ఇచ్చారు: "ఆ సందు చూపిస్తున్నారేమో చూడరా, ఆ కుర్చీ వేసినావిడ కనబడుతుందేమో."